పాటలో వెళ్ళిపోయిన మనిషి

మా రెండో ఆల్బం బయటికొచ్చిన వారంలోనే మక్నసా వచ్చింది. అలెగ్జాండ్రియాలో చలికాలపు గాలివానలకి పేర్లుంటాయి. మక్నసా అంటే చీపురు. నవంబరు నడుమ సముద్రం మీంచి లేచి, వేసవి వదిలిపోయిన చెత్తంతా ఊడ్చుకుపోతుందని ఆ పేరు. ఆ ఏడు మాత్రం అది ఊడ్చిందంతా తెచ్చి మా గుమ్మంలో పోసింది.

ఆల్బం గురించి మూడు రోజులు ఎవరూ ఏమీ అనలేదు. నాలుగో రోజు శ్రోతలు మొదలుపెట్టారు.

కాంప్ షెజార్‌లో, ట్రామ్ పట్టాలకి ఎదురుగా, మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. ఇల్లు మా అత్తగారు ఇన్సాఫ్‌ది. ముప్ఫయ్యొక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో పనిచేసిన మనిషి. ఊరందరి తగాదాలూ చెవిలో పడ్డాక తనకింక కొత్తగా వినాల్సింది ఏమీ లేదని అంటుండేది. ఆ రోజు ఆమె బల్ల మీద ఉడికించిన క్యాబేజీ ఆకులు పరిచి, మసాలా బియ్యం పెట్టి చుడుతోంది. ఆమెకి సాయం చేస్తూ నేను ఫోన్‌ని ఉప్పు డబ్బాకి ఆనించి, శ్రోతలు రాసినవి పైకి చదువుతున్నాను. మా డ్రమ్మర్ బీషోయ్ బోర్లించిన గిన్నె మీద వేళ్ళతో దరువేస్తున్నాడు. నా భర్త హైసమ్, మా గాయకుడు, కిటికీ దగ్గర నిలబడి విననట్టు నటిస్తున్నాడు. అద్దాల మీద సముద్రపు ఉప్పు పేరుకుని వీధి ఎక్కడో నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపిస్తోంది.

"ఇది వినండి," అన్నాను. "మొదటి ఆల్బం పేరు 'ఎవరూ రావద్దు'. చచ్చినట్టు వెళ్ళాం. రెండోదాని పేరు 'లోపలికి రండి'. వెళ్ళాం. టీ ఇచ్చారు. అంతే."

బీషోయ్ గిన్నె వదిలేసి పగలబడి నవ్వాడు. "వీడెవడో గానీ నాకు నచ్చాడు, రయ్యిసా!" రయ్యిసా అంటే నాయకురాలు. చిన్నప్పటినుంచీ నన్ను అలాగే పిలుస్తాడు.

"ఇంకొకడు. 'ఇది రాక్ కాదు. కర్టెన్లు ఉతుక్కుంటూ వినే సంగీతం.'"

"వాడు ఎప్పుడైనా కర్టెన్ ఉతికాడా?" అంది ఇన్సాఫ్. "అదొక కుస్తీ. నాలుగు డ్రమ్ములు పెట్టినా చాలవు."

"'హైసమ్ గొంతులో ముందు మేకులుండేవి. ఇప్పుడు వెన్న పూసుకున్నాడు. పెళ్ళయింది కదా.'"

అది చదవకుండా దాటేయాల్సింది. కానీ కళ్ళకంటే ముందు నోరు పరిగెత్తింది.

"ఎవడు వాడు?" అంది ఇన్సాఫ్. "పెళ్ళికొచ్చాడా?"

"రాలేదు తాంత్," అన్నాను. అత్తగార్ని అలాగే పిలుస్తాను, పిన్నీ అన్నట్టు.

"వచ్చి పెళ్ళి భోజనంలో ఉప్పు తక్కువైందని అంటే పడతాం. రానివాడికి ఏం తెలుసు?"

"'ఆ బేస్ గిటార్ వాయించే భార్యని బ్యాండ్‌లోకి ఎందుకు దింపాడో' అని కూడా రాశాడు," అన్నాను, మిగిలింది కూడా చెప్పేస్తే తేలిక అవుతుందనుకుని.

బీషోయ్ ముఖం ఎర్రబడింది. "దింపడమా! బ్యాండ్ పెట్టిందే మనిద్దరం. హైసమ్ ఏడాది తర్వాత మెట్ల మీద నిలబడి 'నాకు పాడటం వచ్చు' అన్నాడు. నువ్వేగా లోపలికి రానిచ్చావు."

హైసమ్ కిటికీ వైపు తిరిగే అడిగాడు: "మేకులు అన్నాడా?"

"అన్నాడు."

"మంచి మాట," అన్నాడు. వేలితో అద్దం మీది ఉప్పులో ఓ చిన్న గీత గీశాడు. ఆ గీతలోంచి ట్రామ్ ఒకటి కదిలిపోవడం కనిపించింది.

పెళ్ళికి ముందు, మొదటి ఆల్బం చేసిన ఏడాది, నేనూ హైసమూ మాట్లాడుకోలేదు. బీషోయ్ మా మధ్య కబుర్లు మోసేవాడు. హైసమ్ ఒక గదిలో అరిచేవాడు, నేను ఇంకో రోజు వచ్చి ఆ అరుపు కింద బేస్ వాయించి పోయేదాన్ని. రెండోది ఈ ఇంట్లోనే చేశాం, మధ్యాహ్నాలు, ఫ్రిజ్ మూలగకుండా దాని ప్లగ్ పీకేసి. పాట మధ్యలో ఇన్సాఫ్ కాళ్ళు ఈడ్చుకుంటూ వంటింట్లోకి వెళ్ళే చప్పుడు కూడా అందులో ఉంది. అది అలాగే ఉంచుదామని పట్టుబట్టింది హైసమే. అంత ఇష్టంగా చేశాడు.

డిసెంబరు మొదట్లో కాసిం గాలివాన వచ్చింది. ఆ వారమే రమ్ల్ స్టేషన్ దగ్గర ఓ పుస్తకాల దుకాణం మేడ మీద శ్రోతలతో మాట్లాడటానికి కూర్చున్నాం. నలభై మంది. తడిసిన కోట్ల నుంచి ఆవిర్లు. కొత్త పాటలు నాలుగు వాయిస్తే మర్యాదగా చప్పట్లు కొట్టారు. పాతది ఒకటి మొదలుపెట్టగానే నలభై మందీ కళ్ళు మూసుకున్నారు.

తర్వాత ఒక అమ్మాయి లేచింది. ఇంజనీరింగ్ చదువుతోందట, ఇరవై ఏళ్ళుంటాయి. చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"రెండో ఏడాది రెండుసార్లు పరీక్ష తప్పాను, ఉస్తాద్. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. మీ ఆల్బం ఒక్కటే నాతో ఉండేది. ఎవరూ రారు, రాకపోయినా బతకొచ్చు అన్నారు మీరు. నమ్మాను. ఇప్పుడు మీ ఇంటికి ఎవరో వచ్చారు. సంతోషం. మరి నా సంగతేంటి?"

హైసమ్ చేతిలో మైకు బల్ల మీద పెట్టేశాడు. నేను ఏదో అందామని ముందుకి వంగాను. ఆమె నన్ను చూడలేదు.

ఇంటికి కార్నీష్ మీద, సముద్రం ఒడ్డు రోడ్డు వెంట, నడిచే వచ్చాం. అలలు గోడ దాటి రోడ్డు మీద పడుతున్నాయి. కార్లు నీళ్ళలో పడవల్లా మెల్లగా పోతున్నాయి.

"ఆమె అన్నది నిజమే," అన్నాడు హైసమ్.

"ఆమె బాధ నిజం. నువ్వు మోసం చేశావనడం నిజం కాదు."

"నాకు బాధే లేదు రద్వా. పొద్దున లేస్తాను, పక్కన నువ్వుంటావు. అమ్మ ఫూల్ చిక్కుళ్ళు వేడిచేసి పెడుతుంది. పాట ఎక్కణ్ణుంచి పుట్టాలి?"

"చిక్కుడు గింజల్లోంచి పుట్టకూడదని రూలేమైనా ఉందా?"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. అది గుర్తుంది.

సంవత్సరం మొదటి రోజు వాన తగ్గీ తగ్గకముందే హైసమ్ సంచి సర్దుకున్నాడు. బీషోయ్ పినతండ్రికి అగమీలో ఓ వేసవి ఇల్లుంది. చలికాలం తాళం వేసి ఉంటుంది. అక్కడికి వెళ్ళి, ఒక్కడే ఉండి, కొత్త పాటలు రాసుకొస్తానన్నాడు. మేం పోట్లాడుకోలేదు. పోట్లాడుకుని ఉంటే బాగుండేదేమో, అతనికి కావాల్సిన పాట కాస్త త్వరగా వచ్చేది.

ఇన్సాఫ్ రెండు దుప్పట్లు, ఒక డబ్బా నిండా ఊరగాయ నిమ్మకాయలు సంచిలో కుక్కింది. తలుపు మూసుకున్నాక నా వైపు చూసి, "నా కొడుకు దిగులు వెతుక్కోడానికి వెళ్ళాడు," అంది. "అడిగితే నేనే కాస్త ఇచ్చేదాన్ని కదా, ఇంట్లో బోలెడుంది."

జనవరి నడుమ దాకా ఫోన్లోనే మాట్లాడుకున్నాం. అతని గొంతు వెనక గాలి ఉండేది. శ్రోతల అభిప్రాయాలు నేనిప్పుడు ఒక్కదాన్నే చదువుకునేదాన్ని, మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని. తెలియని మనుషులు నా గురించి రాసినవి చదువుతూంటే మెల్లగా ఒక భ్రమ కలిగేది. హైసమ్ పక్కన ఇంకెవరో ఒకామె ఉందనీ, ఆమె అతన్ని దిండ్ల మధ్య పెట్టి ఊపిరాడకుండా చేస్తోందనీ. ఆమెని చూస్తే నాకూ కోపం వచ్చేది.

పెద్ద ఫైదా గాలివాన వెలిసిన మర్నాడు, క్యాబేజీ చుట్టలు గిన్నెలో కట్టుకుని, బేస్ భుజాన వేసుకుని అగమీ వెళ్ళాను. ఇసుక వీధిలోకి కొట్టుకొచ్చి గుమ్మాల్ని సగం కప్పేసింది. ఆ వీధిలో మనిషి లేడు. ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలు గుట్టగా పేర్చి ఉన్నాయి, పరుపు నిండా బూజు వాసన. హైసమ్ చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి.

చుట్టలు ఆరు తిన్నాడు, చల్లగానే. వేళ్ళు తుడుచుకుని, "విను," అన్నాడు.

పాట మొదలైన నాలుగు క్షణాలకే మేకులు తిరిగొచ్చాయి. ఒక ఆడమనిషి పొద్దున్నే లేచి, మొగుడి చొక్కాలు మడతపెట్టి, పొయ్యి ఆర్పి, తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్ళిపోతుంది. అతను నిద్ర నటిస్తూ అంతా వింటుంటాడు. పిలవడు. చరణం చివర ఆమె మెట్లు దిగే శబ్దాన్ని ఒక్కో మెట్టూ లెక్కపెడతాడు. నలభై రెండు. మా ఇంటి మెట్లు నలభై రెండే.

పాట అయిపోయింది. సముద్రం వినిపించింది.

"ఎవరామె?" అన్నాను.

"నువ్వే."

"నేను ఎక్కడికీ వెళ్ళలేదు కదా."

"పాటలో వెళ్ళిపోయావు."

"ఎందుకు వెళ్ళాను?"

కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "అది పాటలో లేదు," అన్నాడు. "కారణం పెడితే చెడిపోతుంది."

కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ దానికంటే ముందు వేళ్ళకి ఇంకేదో వచ్చింది. ఆ మెట్లు లెక్కపెట్టే దగ్గర కింద ఒక స్వరానికి చోటు ఖాళీగా ఉంది. అక్కడ బేస్ దిగాలి. అతని గొంతు పైకి వెళ్తున్నకొద్దీ అది దిగాలి. నేను గిటార్ తీసి ఒళ్ళో పెట్టుకుని వాయించాను. హైసమ్ మళ్ళీ పాడాడు. మూడుసార్లు అలా చేసి, ఫోన్లో రికార్డు చేసుకున్నాం. నేను ఇల్లు విడిచిపోయే దారిని నేనే పరిచాను, అడుగు తప్పకుండా.

"బాగుంది," అన్నాను సంచి సర్దుకుంటూ. "ఇప్పటిదాకా నువ్వు రాసినవాటిలో ఇదే బాగుంది."

అతని కళ్ళు చెమర్చాయి. ఇంటికి ఎప్పుడొస్తావని నేను అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఆ వారమే దమన్‌హూర్ నుంచి ఉత్తరమంత పొడుగు మెసేజి ఒకటి వచ్చింది, మా బ్యాండ్ పేరు మీద. నజ్లా అనే నర్సు రాసింది. ఒక ఆసుపత్రిలో మూత్రపిండాలు పనిచేయనివాళ్ళకి రక్తం శుద్ధి చేసే వార్డు ఆమెది. మనిషి మంచం మీద నాలుగు గంటలు కదలకుండా యంత్రానికి అతుక్కుని ఉండాలి, వారానికి మూడుసార్లు. టీవీ పెడితే వార్తల కోసం కొట్టుకుంటున్నారని, ఆమె తన దగ్గరున్న పాటలు ఒక్కొక్కటే పెట్టి చూసిందట. చివరికి అందరూ ఒప్పుకున్నది 'లోపలికి రండి'. ఆమె ఇలా రాసింది:

"మొదటి ఆల్బం కూడా పెట్టాను, నచ్చలేదన్నారు. మా కష్టాలు మాకున్నాయి, ఆ కుర్రాడి అరుపులు మాకెందుకు అన్నారు. ఇది మాత్రం రోజూ అడుగుతారు. ఏడో మంచం మీది పెద్దాయన హాజ్ ఖమీస్‌కి ఒక ఫిర్యాదు ఉంది. మూడో పాటలో వెనకెక్కడో ఒకామె సన్నగా కూనిరాగం తీస్తోందట. ఆమెని ఎందుకు దాచారు, గట్టిగా పాడమనండి అంటున్నాడు. నేను విన్నాను, నాకు వినపడలేదు. ఆయన కాలువ మీద లాకులు తెరిచే ఉద్యోగం చేసినవాడు, చెవులు మహా చురుకు."

ఆ కూనిరాగం నాది. తాళం తప్పకుండా నాలో నేను తీసుకున్నది. మైకు తెరిచి ఉందని అప్పుడు నాకు తెలియదు. బీషోయ్‌కి తెలుసు. తుడిచేయకుండా ఉంచేశాడు.

ఇన్సాఫ్‌కి చదివి వినిపించాను. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"నువ్వు పాడతావా?"

"పాడను తాంత్."

"పాడావని ఆయనెవరో అంటున్నాడుగా." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "దమన్‌హూర్ రైలు ఎన్నింటికి?" అంది.

మంగళవారం పొద్దున్నే వెళ్ళాం, అత్తా కోడలూ. వార్డులో పన్నెండు మంచాలు. కిటికీల్లోంచి తెల్లటి చలికాలపు వెలుతురు. యంత్రాలు ఒకే శ్రుతిలో మూలుగుతున్నాయి, ఎప్పుడో వదిలేసిన ఒక స్వరాన్ని పట్టుకుని వేలాడుతున్నట్టు. నేను చిన్న స్పీకరు పెట్టుకుని బేస్‌ని ఆ శ్రుతికి కలిపాను. ఏం పాడానో చెప్పలేను. మూడో పాటలో దాక్కున్న రాగమే, మాటలు అప్పటికప్పుడు పడ్డవి. కళ్ళు తెరిచేసరికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చేతికి సూదులుంటే ఎలా కొడతారు?

"కొంచెం పొడుగైంది," అంది మూడో మంచం మీది ఆమె.

"నీకేం తొందర? బస్సు పట్టుకోవాలా?" అన్నాడు హాజ్ ఖమీస్. వార్డంతా నవ్వింది. ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు. "అమ్మాయ్, ఆ రోజు దాక్కున్నది నువ్వేనా?"

"నేనే, హాజ్."

"లాకులు తెరిచేటప్పుడు నీళ్ళు అలాగే చప్పుడు చేస్తాయి, పొంగకముందు. ఇంక మూయకు."

ఇన్సాఫ్ రెండో మంచం ఆమెకి కమలాపండు ఒలిచి పెట్టబోయింది. అది ఈ జబ్బుకి పడదని నజ్లా కోప్పడితే, సిగ్గుపడి తనే తినేసింది. తిరుగు రైల్లో, పొలాల మీద పొగమంచు కదులుతుంటే, ఆమె నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. మేం దిగాల్సిన స్టేషన్ దాటిపోయినా బాగుండుననిపించింది.

ఆ తర్వాత ఒక్క మంగళవారం మానలేదు.

మార్చి మొదట్లో, హుసూమ్ గాలివాన రోజుల్లో, హైసమ్ వచ్చాడు. తాళంచెవి తిరిగిన చప్పుడైంది. తడిసి, ఇసుకతో, నవ్వుతూ నిలబడ్డాడు. "అయిపోయింది," అన్నాడు, ఏదో పెద్ద పని ముగించుకుని వచ్చినవాడిలా. "ఐదు పాటలు. ముందు ఆ ఒక్కటీ వదులుదాం. నీకు... నీకేమైనా అభ్యంతరమా? జనం నువ్వు వెళ్ళిపోయావనుకుంటారు."

"అనుకోనీ," అన్నాను. "బాగున్న పాటని దాచుకుని ఏం చేస్తాం?"

నా భుజాన బేస్ ఉంది. ఇన్సాఫ్ గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటోంది. అతను ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఎక్కడికి?"

"దమన్‌హూర్. ఇవాళ మంగళవారం కదా," అన్నాను. "అన్నం పొయ్యి మీద ఉంది. పప్పు వేడిచేసుకో."

"నేనిప్పుడేగా వచ్చాను!"

"చూశాం నాయనా," అంది వాళ్ళమ్మ. "సాయంత్రానికి మేమూ వస్తాం."

మేం మెట్లు దిగుతుంటే పైన తలుపు తెరిచే ఉంది. మూసిన చప్పుడు చివరిదాకా వినపడలేదు.

పాట వారంలో ఊరు దాటింది. 'హైసమ్ తిరిగొచ్చాడు' అని రాశారు. 'ఆమె పోతేనే గానీ వీడు బాగుపడలేదు' అని రాశారు. 'ఆ ఆఖర్న బేస్ ఎవరు వాయించారో గానీ చేతులు కళ్ళకద్దుకోవాలి' అని ఒకరు రాశారు. కూరల మార్కెట్లో ఒకతను హైసమ్ భుజం తట్టి, "ఓర్చుకో తమ్ముడూ, అందరూ పోతారు," అన్నాడట. హైసమ్ చేతిలో నేను తెమ్మన్న కొత్తిమీర కట్ట ఉంది. ఇంటికొచ్చి అది చెబుతూ నవ్వాలో వద్దో తెలియక నా ముఖం చూశాడు. నేను నవ్వాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, కొళాయి తిప్పి, కాసేపు నీళ్ళు చూస్తూ నిలబడ్డాను.

వేదిక మీద ఆ పాట నేను వాయించనని చెప్పాను. "నీ చోట ఎవర్ని పెట్టను?" అన్నాడు హైసమ్. బీషోయ్ తన బంధువుల కుర్రాణ్ణి ఒకణ్ణి చూశాడు. నేను నా పాటలు రాసుకోవడం మొదలుపెట్టాను, వంటింటి బల్ల మీద. అలా ఆ ఇంట్లో రెండు రకాల పాటలు తయారవుతూ వచ్చాయి.

మార్చి చివర, ఆఖరి గాలివాన అవ్వా వెళ్ళిపోయాక, షలాలాత్ తోటలో ఒక మధ్యాహ్నం వాళ్ళ కచేరీ. నేను మొదటిసారి జనంలో గడ్డి మీద కూర్చున్నాను. ఎండ కొత్తగా, పలచగా ఉంది. ఆ పాట వచ్చింది. వందల గొంతులు మెట్లు లెక్కపెట్టాయి. నేను ఒక్కో మెట్టూ దిగుతూంటే ఇంతమంది నన్ను సాగనంపుతున్నారు. కళ్ళు మూసుకుంటే నిజంగానే ఎక్కడికో పోతున్నట్టుంది, పాదాల కింద వెచ్చటి గడ్డి.

నా పక్కన నల్ల కళ్ళజోడు పెట్టుకున్న ఒకామె ఏడుస్తోంది. నా వయసే ఉంటుంది. పాట అయ్యాక ముక్కు తుడుచుకుని నా వైపు వంగింది.

"ఎలాంటి మనిషి చెల్లీ ఆమె! ఇలాంటివాణ్ణి వదిలేసి ఎలా పోగలిగింది?"

వేదిక మీద హైసమ్ గిటార్ తీగ బిగించుకుంటూ జనంలో ఎవరికోసమో వెతుకుతున్నాడు. ఎండ కళ్ళలో పడుతోంది అతనికి.

"ఏమో అక్కా," అన్నాను. "ఏదో పనుండి వెళ్ళుంటుంది."

ఆమె నన్ను వింతగా చూసింది. తర్వాత తన చేతిలోని కాగితం పొట్లం విప్పి, తినడానికి ఉప్పునీళ్ళలో నానబెట్టిన తుర్ముస్ గింజలు నా అరచేతిలో సగం పోసింది.